వెనుకనుండి తోసే బరువు

నిండుబండిని కదిలించడానికి ఎడ్లకు ఎంత బలము కావాలో, పల్లములో దానిని నిలువరించడానికి అంతకు మించిన బలము కావాలి. ఏటిగట్టు దిగే బండిని చూచినవారికి ఈ సంగతి తెలుసును. ఎడ్లు లాగడం మాని, ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి వెనుకకు ఒరుగుతాయి. కాడి మెడమీదినుండి కొమ్ములవైపు జారుతుంది. అంతవరకు వెంట వచ్చిన బరువే ఇప్పుడు తరుముకొని వస్తుంది.

2023 వేసవి సెలవులలో మేము అమెరికాలోని హ్యూస్టన్ నగరమునకు, మా భాయిజాన్ ఇంటికి వెళ్లి ఉన్నాము. ఆయనకు చేపలవేట సరదా. ఆ ప్రాంతములో మోటారుపడవను ఇంటివద్దనే ఉంచుకొని, సెలవునాడు కారు వెనుక ట్రెయిలరుమీద గాల్వెస్టన్ అఖాతానికి తీసుకొనిపోయి, సిమెంటు వాలుమీద ట్రెయిలరుతోసహా నీటిలోనికి దించుతారు. పడవ, యంత్రము, ట్రెయిలరు కలిసి దాదాపు 4000 పౌండ్లు, అనగా 1800 కిలోలు. కారు బ్రేకు నొక్కినప్పుడెల్ల వీపుమీద ఎవరో చేయివేసి తోసినట్లుండేది. ఒక వంతెన దిగుతుండగా ఎర్రదీపము దాటి రెండు గజాలు పోయిన తరువాత గాని కారు ఆగలేదు. వెనుక సీటులో పిల్లలిద్దరు ఉన్నారు. "ట్రెయిలరు బ్రేకు బాగుపడేదాకా నా పిల్లలు ఆ కారెక్కరు" అని భాభీ తేల్చిచెప్పారు. ఆ మాటమీద మేము, భాయిజాన్, పన్నెండేండ్ల ఆయన కుమారుడు ముగ్గురమూ పనిలో దిగాము.

ఈ బ్రేకును అక్కడ సర్జ్ బ్రేకు అంటారు. తెలుగు పాఠము చెప్పుకొనే మాకు దీనిని 'తోపుబ్రేకు' అనాలనిపించింది. దీనికి విద్యుత్తు అక్కరలేదు. కారు బ్రేకుతో సంబంధమూ లేదు. సామాన్యమైన ట్రెయిలర్లకు విద్యుత్ బ్రేకులే ఎక్కువ. అయితే పడవల ట్రెయిలరు పదేపదే నీట మునుగుతుంది, అందుకే ఈ ఏర్పాటు. ట్రెయిలరు నొగ కొసన, కారుకు తగిలించే కొక్కెము ఒకదానిలో ఒకటి జారే రెండు భాగాలుగా ఉంటుంది. కారు వేగము తగ్గగానే ట్రెయిలరు తన వేగముతో ముందుకు వస్తుంది. ఆ తోపుకు లోపలి కడ్డీ మాస్టర్ సిలిండరులోని ముషలకమును నొక్కుతుంది. ద్రవము గొట్టాలగుండా చక్రాలకు చేరి బ్రేకు పడుతుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా పట్టు. తరిమే బరువుచేతనే పగ్గము పట్టించిన ఈ యుక్తిని ఎవరు కనిపెట్టినా వారికి మా సలాము.

కొక్కెము మూత విప్పి చూస్తే ద్రవము నల్లగా మారి ఉన్నది. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఆ తేమ లోపలి ఇనుమును తింటుంది. కొక్కెము జారే భాగము తుప్పుతో బిగుసుకొన్నది. చక్రాలు విప్పగా నాలుగింటిలో ఒకదాని సిలిండరు ఉప్పునీటికి కదలిక లేకుండా పట్టుకొనిపోయింది. దానిని మార్చాము. జారుడు భాగమును రుద్ది గ్రీజు పెట్టాము. ఇవి ఒక పూట పని.

అసలు పరీక్ష గొట్టాలలోని గాలిని వెళ్లగొట్టడం. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులకు తగ్గకుండా పాకుతుందని పాస్కల్ (1623–1662) చెప్పిన సూత్రము మన విద్యార్థులు పరీక్షలో వ్రాసినదే. ద్రవము నలగదు, గాలి నలుగుతుంది. గొట్టములో గాలిబుడగ ఉంటే, కొక్కెము చేసిన శ్రమ అంతా ఆ బుడగను నలపడానికే సరి. చక్రముదాకా ఏమీ రాదు. కొక్కెమునకు దూరముగా ఉన్న చక్రముతో మొదలుపెట్టాలి. భాయిజాన్ కడ్డీని నొక్కి పట్టుకొనేవారు. మేము చక్రమువద్ద సన్నని మరను విప్పేవారము. దానికి తొడిగిన పారదర్శక గొట్టములోనుండి ద్రవము, దానితో బుడగలు సీసాలోనికి వచ్చేవి. మర బిగించిన తరువాతనే కడ్డీ వదలాలి, లేకుంటే గాలి తిరిగి లోపలికి పోతుంది. పాత్రలో ద్రవము తగ్గకుండా పోయడము పిల్లవాని వంతు. అతనికి ఇంగ్లీషు, కొంత ఉర్దూ తప్ప వేరు భాష రాదు. "నొక్కు, పట్టు, విప్పాను, బిగించాను, వదులు" అని మేము అన్నదమ్ములము అరుచుకొంటుంటే, సాయంత్రానికి ఆ అయిదు మాటలూ అతనికి కంఠస్థమైనాయి. ఎన్ని పాఠాలు చెప్పినా మా తరగతిలో ఇంత త్వరగా క్రియాపదాలు పట్టుబడ్డవారు లేరు!

ఇక ఒక చిక్కు ఉన్నది. కారును వెనుకకు నడిపినప్పుడు కూడా కొక్కెము నలుగుతుంది గదా! అప్పుడు బ్రేకు పడితే పడవను నీటిలోనికి దించడము ఎట్లు? మా భాయిజాన్ ట్రెయిలరులోని డ్రమ్ము బ్రేకులు, చక్రము వెనుకకు తిరిగినప్పుడు పట్టు సడలేటట్లు అమర్చినవి. డిస్కు బ్రేకులున్నవాటిలో కారు వెనుకదీపము తీగెతో పనిచేసే ఒక కవాటము ద్రవమును దారిలోనే ఆపుతుంది. ట్రెయిలరు దారిలో ఊడిపోతే తనంతట తానే బ్రేకు పడేటట్లు కారుకు తగిలించే గొలుసు ఒకటి వేరే ఉన్నది. తుప్పుపట్టిన ఆ గొలుసునూ భాభీ మార్పించారు.

మరునాడు ఉదయము జనసంచారము లేని రోడ్డుమీద, పిల్లలు లేకుండా, 20 మైళ్ల వేగమున కారు బ్రేకు నొక్కారు భాయిజాన్. కొక్కెము 'టక్కు'మన్నది, వీపుమీద తోపు రాలేదు. 40 మైళ్ల వేగమునా అంతే. దిగి చక్రాల డ్రమ్ములను చేతితో తాకి చూచాము. నాలుగూ ఇంచుమించు ఒకే వేడిగా ఉన్నాయి. పనిలో ఏ చక్రమూ వెనుకబడలేదన్నమాట.

మన పల్లెలలో వరిబస్తాలతో, చెరకుతో, పెండ్లివారితో పోయే ట్రాక్టరు ట్రాలీలలో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. ముందున్న ట్రాక్టరే అంతటినీ ఆపాలి. ఆ రోజు మొదలు ఏ ట్రాలీ పల్లములో దిగుతున్నా మా చూపు ముందుగా దాని నొగమీదికే పోతున్నది.

ఆ ఆదివారము పిల్లలు కారెక్కారు. అఖాతమునుండి తిరిగివచ్చిన వెంటనే భాభీ పిల్లవాని చేతికి మంచినీటి గొట్టమిచ్చి, నాలుగు చక్రాలలోని ఉప్పునీరు పోయేదాకా ఇంటిలోనికి రానివ్వలేదు.