చూపుకొక పరికరం

విమానం నడపడం అనగానే సామాన్యంగా మనకు చేతులు గుర్తుకు వస్తాయి. ఒక చేయి నియంత్రణ దండం మీద, మరొక చేయి ఇంజను వేగాన్ని హెచ్చించి తగ్గించే మీట మీద ఉంచుకొని కూర్చున్న వైమానికుని రూపమే మన ఊహలో మెదులుతుంది. కాని ఆ విద్యలో చేతుల కంటె ముందుగా పనిచేసేవి కళ్ళు. ఆ కళ్ళను మోసుకొని అటూ ఇటూ తిప్పేది మెడ. ఆకాశంలో ఉన్నవాడు ఎదుటికి మాత్రమే చూస్తూ కూర్చుంటే, తాను దిగవలసిన చోటు ఎక్కడ ఉన్నదో అతనికే తెలియకుండా పోతుంది.

ఇంటిలో కంప్యూటర్ ముందు కూర్చొని ఆడే విమానపుటాటలలో, అనగా ఫ్లైట్ సిమ్యులేటర్లలో, ఈ మెడకే పని లేకుండా పోయింది. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఐ.బి.ఎం. కంప్యూటర్ల కొరకు విడుదల చేసిన తొలి సిమ్యులేటర్‌కూ, 2024లో వెలువడిన సిమ్యులేటర్‌కూ దృశ్య సౌందర్యంలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం ఉన్నది. అయినను బల్ల మీది తెర మాత్రం నాడూ నేడూ మన ఎదుటనే ఉన్నది. ఉదాహరణకు మన బేగంపేట విమానాశ్రయాన్నే తీసుకుందాం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన పిదప ప్రయాణికుల విమానాలు అక్కడికి తరలిపోయినా, ఆటలో బేగంపేట రన్‌వే మీద దిగడానికి మనకు అభ్యంతరం చెప్పేవారు లేరు. తూర్పు నుండి పడమరకు దిగదలచినవాడు మొదట రన్‌వేకు దక్షిణంగా, దానికి సమాంతరంగా, తూర్పు ముఖంగా ఎగురుతాడు. కుడివైపు హుస్సేన్‌సాగర్, ఎడమవైపు రన్‌వే. రన్‌వే తూర్పు కొస తన ఎడమ భుజానికి వెనుకగా సుమారు 45 డిగ్రీల కోణంలోకి జారినప్పుడు ఎడమకు మళ్ళాలి. కొంత దూరం పోయి మరల ఎడమకు మళ్ళితే రన్‌వే ఎదురుగా వస్తుంది. నిజమైన విమానంలో ఇది ఒక్కసారి భుజం మీదుగా చూస్తే తేలిపోయే విషయం. బల్ల మీది తెరకు భుజమూ లేదు, వెనుకా లేదు.

ఈ లోపానికి ఆటగాళ్ళు సాధారణంగా చేసే ఉపాయం ఒకటి ఉన్నది. జాయ్‌స్టిక్ తలమీద ఉండే చిన్న మీటను బొటనవ్రేలితో నొక్కిగాని, రెండవ చేతితో మౌస్ కదిపిగాని దృశ్యాన్ని ప్రక్కకు త్రిప్పుతారు. రెండు చేతులూ చక్కగా ఉన్నవారికి ఇది కొద్దిపాటి అసౌకర్యం మాత్రమే. కాని భౌతికశాస్త్రం చదువుకుంటున్న మా ముగ్గురిలో ఒకరికి చిన్ననాటి ప్రమాదం వలన ఎడమచేయి మోచేతి క్రింద పట్టు లేదు. కుడిచేయి దండం మీద ఉన్నంతసేపు అతనికి మౌస్ లేదు. కుడిచేయి మౌస్ మీదికి పోతే విమానానికి దిక్కు లేదు. బొటనవ్రేలి మీటతో చూద్దామంటే, ఆ వ్రేలికి అప్పటికే చక్రాలు దించే పని, రెక్కల ఫలకాలు దించే పని ఉన్నాయి. మా ముగ్గురిలో వాతావరణ పటాలు చదవడంలోనూ, గాలివాలును లెక్కకట్టడంలోనూ అతనిదే పైచేయి. అయినా ఎడమకు మళ్ళవలసిన ఘడియ వచ్చేసరికి మాలో ఒకరు ప్రక్కన నిలబడి మౌస్ త్రిప్పవలసి వచ్చేది.

అందుకొరకు తల కదలికను కనిపెట్టి, దృశ్యాన్ని దానికి అనుగుణంగా కదిపే పరికరం కొనవలెనని మేము నిశ్చయించుకున్నాము. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ము మా ముగ్గురిదీ కలిపి 5,000 రూపాయలు. పరికరం ఎంపికకు షరతులు పెట్టే అధికారం మిత్రునికే ఇచ్చాము. అతడు మూడు షరతులు చెప్పాడు. ఒంటిచేతితో ధరించి, ఒంటిచేతితో తీయగలిగినదై ఉండాలి. తన గదిలో ఉన్న వెలుతురులోనే పనిచేయాలి. మూడవది చెప్పేటప్పుడు కొంచెం నవ్వాడు: “ప్రక్కన ఎవరూ నిలబడనక్కరలేకుండా ఉండాలి. డిగ్రీ అయిపోయి మీరు తలొక దిక్కుకు పోయిన తర్వాత కూడా నేను ఎగరాలి కదరా!” ఆ మాట తరువాత అది మాకు వట్టి ఆటవస్తువు కొనుగోలుగా తోచలేదు.

ఈ పరికరాలు పనిచేసే విధానం భౌతికశాస్త్ర విద్యార్థికి వినోదం కలిగించేదే. మన తలకు ఆరు విధాలైన చలనాలు ఉన్నాయి. ప్రక్కలకు తిరగడం, పైకీ క్రిందికీ వంగడం, భుజం వైపు వాలడం అనే మూడు భ్రమణాలు. ముందు వెనుకలకు, కుడి యెడమలకు, పైకీ క్రిందికీ జరగడం అనే మూడు స్థానచలనాలు. తలకు మూడు వెలుగుచుక్కలు అమర్చి, ఎదుట ఒక కెమెరా పెడితే, ఒక్కొక్క చుక్క కెమెరా చిత్రంలో ఎక్కడ ఉన్నదో రెండు అంకెలు చెబుతాయి. మూడు చుక్కలకు ఆరు అంకెలు. తెలియవలసినవి ఆరు, తెలిసినవి ఆరు, లెక్క తీరుతుంది. కన్నుకు ఇబ్బంది లేకుండా ఉండేందుకు ఆ చుక్కలను పరారుణ కిరణాలతో వెలిగిస్తారు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. తల పూర్తిగా ఎడమకు త్రిప్పితే తెర కనిపించదు గదా! అందుచేత ఈ పరికరాలన్నీ చలనాన్ని హెచ్చించి చూపుతాయి. తల 25 డిగ్రీలు తిరిగితే దృశ్యం 120 డిగ్రీలు తిరిగేటట్లు మనమే ఒక వంపురేఖ గీసి పెట్టుకోవచ్చు. రేఖ మధ్యభాగం చదునుగా ఉంటే, ఊపిరి పీల్చినప్పుడు కలిగే చిన్న కదలికకు దృశ్యం వణకదు. కొసలు నిటారుగా ఉంటే కొద్దిపాటి మెడ తిప్పుతోనే భుజం వెనుక భాగం కనిపిస్తుంది. పరికరం ఎంత గొప్పదైనా ఈ రేఖ కుదరకపోతే మెడనొప్పి తప్పదు.

పైసా ఖర్చు లేని మార్గాన్ని ముందుగా పరీక్షించాము. ‘ఓపెన్‌ట్రాక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు వెబ్‌క్యామ్ ముందు మన ముఖాన్ని గుర్తించి, ఏ చుక్కలూ లేకుండానే తల కదలికను లెక్కకట్టగలదు. పట్టపగలు అది మమ్మల్ని ఆశ్చర్యపరచింది. సాయంకాలం అయ్యేసరికి చిక్కు వచ్చింది. వెలుతురు తగ్గినప్పుడు కెమెరా ఒక్కొక్క చిత్రానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. సెకనుకు 30 చిత్రాలు తీసేటప్పుడే చిత్రానికీ చిత్రానికీ మధ్య 33 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. ఆ సంఖ్య ఇంకా పడిపోతే దృశ్యం మెడ వెనుక బద్ధకంగా ఈడ్చుకుంటూ వస్తుంది. మిత్రునికి తీరిక దొరికేది రాత్రిపూట. రెండవ షరతు అక్కడ భంగమయినది.

సెల్‌ఫోన్ ముందు కెమెరాతో ముఖాన్ని చూసి, ఆ వివరాలను వై-ఫై ద్వారా కంప్యూటర్‌కు పంపే పద్ధతి కూడా ఉన్నది. అయితే ఇంటిల్లిపాదికీ అవసరమైన ఫోన్‌ను గంటల తరబడి బల్లకు కట్టివేయడం ధర్మం కాదు. కళ్ళకు పూర్తిగా కప్పుకొనే వి.ఆర్. కళ్ళజోడు అన్నిటి కంటె సహజమైనది. మెడ ఎంత తిరిగితే లోకమూ అంతే తిరుగుతుంది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తన ప్రయోగశాలలో తలకు తగిలించే దృశ్యయంత్రాన్ని పైకప్పు నుండి వ్రేలాడదీసిన నాటి కల నేడు పెట్టెలో అమ్ముడుపోతున్నది. కాని దాని పట్టీలు బిగించడానికి రెండు చేతులు కావాలి. ఒకసారి పెట్టుకున్న తర్వాత కీబోర్డు కనిపించదు. మొదటి షరతు దానిని ఇంటి గుమ్మంలోనే ఆపివేసింది. స్వీడన్ దేశపు టోబీ సంస్థ 2020లో తెచ్చిన ‘ఐ ట్రాకర్ 5’ తెర క్రింద అమరే సన్నని పట్టీ. తలకు ఏమీ ధరించనక్కరలేదు. కళ్ళనూ తలనూ రెండింటినీ చూస్తుంది. షరతులకు అది చాలావరకు సరిపోయినా మా సంచికి సరిపోలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లయింది మా పని.

ఇక మిగిలినది చుక్కల పద్ధతి. ఇందులో పేరు మోసినది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన నేచురల్‌పాయింట్ సంస్థ వారి ‘ట్రాక్ ఐ.ఆర్. 5’. దాని కెమెరా సెకనుకు 120 చిత్రాలు తీస్తుంది. అనగా చిత్రానికీ చిత్రానికీ ఎడం 8 మిల్లీసెకన్లు మాత్రమే. టోపీ అంచుకు తగిలించే ప్రతిబింబక ముక్కలు ఒక రకం, హెడ్‌ఫోన్‌కు తగిలించే స్వయంప్రకాశక చుక్కలు మరొక రకం. మొదటి రకంలో కళ్ళజోడు అద్దాలు కూడా కిరణాలను తిప్పికొట్టి దొంగచుక్కలు పుట్టించగలవు. మా మిత్రునికి కళ్ళజోడు ఉన్నది. రెండవ రకం నిర్దోషం. కాని విదేశీ ధరకు రవాణా ఖర్చూ దిగుమతి సుంకమూ కలిసేసరికి మా 5,000 ఎక్కడికో వెనుకబడిపోయినది. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు ఊరకనే అనలేదు.

సూత్రం తెలిసిన తర్వాత వస్తువును చేసుకోవడానికి సంకోచమెందుకని మేము ఆలోచించాము. 2007లో ప్లేస్టేషన్ 3 ఆటయంత్రం కొరకు వచ్చిన ‘ఐ’ అనే కెమెరా సెకనుకు 60 పూర్తి చిత్రాలు తీస్తుంది. అది పాతసామానులో ఒకటి దొరికింది. దాని కటకం వెనుక పరారుణాన్ని అడ్డగించే చిన్న గాజుబిళ్ళను మెల్లగా పెకలించి, ఆ స్థానంలో పాత రంగుల ఫొటో నెగటివ్ చుట్ట చివర కాంతి తగిలి నల్లబడిన ముక్కను పెట్టాము. ఆ నల్లని ముక్క మన కంటికి కనిపించే వెలుగును చాలావరకు ఆపి, పరారుణాన్ని పోనిస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో మూడు పరారుణ ఎల్.ఇ.డి.లు, ఒక నిరోధకం కొన్నాము. ఒక్కొక్క ఎల్.ఇ.డి. మీద సుమారు ఒకటిన్నర వోల్టు పడుతుంది. మూడింటిని వరుసగా కలిపితే నాలుగున్నర. యు.ఎస్.బి. ఇచ్చే 5 వోల్టులలో మిగిలిన అర వోల్టుకు 10 ఓముల నిరోధకం పెడితే 50 మిల్లీఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. మొదటి సంవత్సరంలో పరీక్ష కొరకు కంఠస్థం చేసిన ఓం నియమం ఒక మనిషి మెడకు ఉపకరించడం మాకు అపూర్వమైన సంతోషాన్నిచ్చింది. మూడు చుక్కలనూ సన్నని ఇనుపతీగె చట్రానికి బిగించి, హెడ్‌ఫోన్ ఎడమ చెవి ప్రక్కన అతికించి, తీగెను హెడ్‌ఫోన్ తీగెతోనే కలిపి చుట్టాము. హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి ఒక చేయి చాలును. మొత్తం ఖర్చు 2,000 రూపాయలు దాటలేదు.

మొదటి మధ్యాహ్నం దృశ్యం పిచ్చిగా గంతులు వేసింది. కారణం పడమటి కిటికీ. సూర్యకాంతిలో పరారుణ కిరణాలు సమృద్ధిగా ఉంటాయి. కిటికీ ఊచల మధ్య మెరుపులన్నీ కెమెరాకు చుక్కలుగా కనిపించాయి. మిత్రుని తల్లిగారు ఇచ్చిన మందపాటి దుప్పటి కిటికీకి కట్టగానే దృశ్యం కుదుటపడింది. రాత్రిపూట ఆ దుప్పటి అవసరం కూడా లేకపోయినది. తరువాత వారం రోజులు వంపురేఖ దిద్దడంతో గడిచింది. అతని మెడ కుడికి తిరిగినంత సులువుగా ఎడమకు తిరగదు. అందుచేత రెండు వైపులకూ రెండు వేరువేరు రేఖలు గీశాము. ఎడమ రేఖను మరింత నిటారుగా చేశాము. చూపును తిరిగి మధ్యకు తెచ్చే ఆజ్ఞను జాయ్‌స్టిక్ మీది ఒక మీటకు అప్పగించాము.

ఒకనాటి రాత్రి అతడు బేగంపేట మీద తూర్పు ముఖంగా ఎగురుతూ, మాతో ఏదో మాట్లాడుతూనే తల కొద్దిగా ఎడమకు త్రిప్పాడు. తెర మీద రన్‌వే కొస భుజం వెనుకకు జారుతూ కనిపించింది. మాట ఆపకుండానే దండం ఎడమకు వంచాడు. మేమిద్దరం వెనుక కుర్చీలలోనే ఉండిపోయాము. లేచి మౌస్ పట్టుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. విమానం కొంచెం గట్టిగానే నేలను తాకింది. “చక్రాలు నావే, నేలా నాదే, మీకెందుకురా బాధ!” అన్నాడు. ఆ వారమే మేము లేనప్పుడు పదకొండు సార్లు దిగినట్లు తన పుస్తకంలో వ్రాసుకొని మాకు చూపించాడు.

ఇటువంటి పరికరం కొనదలచిన విద్యార్థి మిత్రులకు మేము విన్నవించేది ఒక్కటే. ఏది మేలైనదని అంగడిని అడుగక ముందు, ఎవరికొరకని మీలో మీరు ప్రశ్నించుకోండి. కళ్ళజోడు ఉన్నదా, గదికి కిటికీ ఏ వైపున ఉన్నది, ఆడేది పగలా రాత్రా, మెడ ఎంతవరకు నొప్పి లేకుండా తిరుగుతుంది, చేతులకు ఇప్పటికే ఎంత పని ఉన్నది అనే ప్రశ్నలకు జవాబులు వ్రాసుకోండి. ఉచితమైన వెబ్‌క్యామ్ పద్ధతిని వారం రోజులు వాడి చూస్తే ఆ జవాబులు వాటంతటవే తేలుతాయి. స్థోమత ఉన్నవారు సిద్ధంగా దొరికేది కొనుక్కోవచ్చు. అందులో చిన్నతనం లేదు. చేతిలో టంకపు కడ్డీ పట్టగలవారు చేసుకోవచ్చు. అందులో గొప్పతనమూ లేదు. వేగం, ధర, పేరు అన్నీ తరువాతి మాటలు.

మిత్రుని కంప్యూటర్‌లో ఆ రెండు వంపురేఖలూ అతని పేరుతోనే భద్రమై ఉన్నాయి. మాలో ఎవరమైనా ఆ కుర్చీలో కూర్చుంటే ఎడమవైపు దృశ్యం మరీ తొందరగా పరుగెత్తి కళ్ళు తిరుగుతాయి. దర్జీ ఒకరి కొలతకు కుట్టిన చొక్కాను మరొకరు తొడుక్కున్నట్లుగా ఉంటుంది. మేము దానిని మా కొలతకు మార్చే ప్రయత్నం చేయలేదు.