చీర గట్టిన హాస్యము

మొన్న రాత్రి టెలివిజనులో నొక హాస్యప్రదర్శనము చూచుచుంటిమి. 2013లో ఈటీవీయందు ఆరంభమైన జబర్దస్తు వంటిదే. పురుషుడొకడు చీర గట్టి గయ్యాళి భార్యయై వచ్చెను. మేమును నవ్వితిమి, దాచనేల? మా పదేండ్ల అమ్మాయి మాత్రము, "ఆడవేషం ఆడవాళ్ళే వేయకూడదా అమ్మా?" అని యడిగెను. "వేస్తే ఎవరూ నవ్వరే" యని అత్తగారనిరి. మాకు నవ్వాగిపోయెను.

హాస్యరసము స్త్రీలయందును నీచపాత్రలయందును మిక్కిలి కనబడునని నాట్యశాస్త్రమున భరతముని నుడివెను. ఆ జత మాకెన్నడును రుచింపలేదు. అయినను మునియే యట్లనగా, నేటి నవ్వునకు మగవాడు చీర కట్టవలసి వచ్చినదేల?

2021లో బెర్లిన్ చిత్రోత్సవమువారు నటునకు, నటికి వేర్వేఱు బహుమతులు మాని ప్రధానపాత్రకు ఒక్కటే యిచ్చిరి. దానిని తొలుత నందుకొన్నది హాస్యచిత్రమున నటించిన మారెన్ ఎగ్గెర్ట్ అను నటీమణియే. ఈ మాట చెప్పితిమి. అత్తగారు పెదవి విఱిచిరి.

మఱునాటి సాయంకాలము అమ్మాయి తండ్రి కండువా భుజమున వైచుకొని, కండ్లజోడు పెట్టుకొని, బడిలో హాజరుపట్టీ చదువు తీరు నభినయించెను. అందఱికన్న ముందు నవ్వినవారు అత్తగారే.