జారని బాల్స్

బాల్ బేరింగ్‌లో లోపాన్ని కంప్యూటర్ మీద సృష్టించడం తేలిక. 6205 బేరింగ్‌లో 9 బాల్స్ ఉంటాయి. బయటి రింగులో ఒకచోట చిన్న గుంట పడితే, షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా దాని మీదుగా సుమారు 3.58 బాల్స్ వెళ్తాయి. 1440 ఆర్‌పీఎం మోటారులో అది సెకనుకు 86 దెబ్బలు. గుంట లోపలి రింగులో ఉంటే 130. ఈ లెక్కతో వరసగా దెబ్బలు వేసి, దెబ్బ దెబ్బకీ లోహం మోగి ఆగే కంపనాన్ని కలిపి మోడల్ రాశాను. వేరే చప్పుడేదీ కలపలేదు కాబట్టి స్పెక్ట్రమ్‌లో 86 దగ్గర, దాని గుణిజాల దగ్గర గీతలు సూదుల్లా నిలబడ్డాయి. లోపమంటే ఇలాగే కనిపిస్తుందని నమ్మేశాను.

ఆ నమ్మకంతోనే ఒక ఫ్యాక్టరీలో అలాంటి బేరింగే ఉన్న, అదే వేగంతో తిరిగే ఫ్యాన్ మోటారు చూడటానికి వెళ్లాను. యాక్సిలరోమీటర్ పెట్టి రీడింగ్ తీస్తే 86 దగ్గర గీత లేదు. అక్కడి పెద్ద ఫిట్టర్ బేరింగ్ దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విని, "సార్, లోపల చప్పుడు తేడాగా ఉందండీ" అన్నారు. నేను స్క్రీన్ చూపించి, బేరింగ్ బాగుందని రిపోర్టు రాసిచ్చాను. కొన్ని వారాలకే అది పట్టేసింది. విప్పితే బయటి రింగులో, బరువు పడే వైపు, పెచ్చు ఊడి ఉంది.

నిజమైన బేరింగ్‌లో బాల్స్ దొర్లుతూనే కొంచెం జారతాయి. అందుకే లోపం ఫ్రీక్వెన్సీ లెక్కకు ఒకటి రెండు శాతం తేడాగా వస్తుంది, దెబ్బల మధ్య ఎడం కూడా సమానంగా ఉండదు. నా మోడల్‌లో బాల్స్ జారవు. అంతకన్నా పెద్ద సంగతి, దెబ్బల శక్తి ఎక్కువగా 86 దగ్గర ఉండదు. కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర, ఆ లోహం మోగే చోట ఉంటుంది. కింద ఉన్న కొంచెమూ షాఫ్ట్ ఊపులో, ఫ్యాన్ చప్పుడులో మునిగిపోతుంది. పైనున్న ఆ భాగాన్ని ఫిల్టర్‌తో వేరుచేసి, దాని ఎన్వలప్, అంటే కంపనం ఎత్తు పెరిగి తగ్గే తీరును గీసే పై గీత, తీసి, ఆ ఎన్వలప్ స్పెక్ట్రమ్ చూడాలి. పాత రికార్డునే తెరిచి అలా చేస్తే 86కు కాస్త కింద గీత స్పష్టంగా కనిపించింది. రిపోర్టు రాసిన రోజు కూడా అది ఆ రికార్డులోనే ఉంది.

ఎన్వలప్‌తోనూ అన్నీ దొరకవు. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం, కావాలని గుంటలు చేసిన బేరింగుల రికార్డులను అందరికీ అందుబాటులో ఉంచింది. పరిశోధకులు స్మిత్, రాండల్ 2015లో వాటిని పరిశీలించి, కొన్నింటిలో లోపం మామూలు ఎన్వలప్ పద్ధతికి చిక్కదని చూపించారు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలను ఒకటి అడుగుతున్నాను. మోడల్‌లో జారుడు కలపండి, చప్పుడు కలపండి. గీత కనిపించకపోతే రిపోర్టులో "లోపం లేదు" అనకుండా, "ఈ పద్ధతికి కనిపించలేదు" అని రాయండి. ఫిట్టర్ ఏం విన్నారో దాని కిందే రాయండి.