వత్తి తగ్గించిన దీపం

మా అబ్బాయి అమెరికాలో మోటారుహోము కొన్నాడని వినగానే మాకు నవ్వు వచ్చింది. ఉన్న ఇల్లు చాలక చక్రాల మీద ఇంకొకటా అనుకున్నాము. తీరా చూస్తే ముచ్చటైన వస్తువే. లోపల పొయ్యి, పడక, నీళ్ళతొట్టి. బయట పక్కగోడకు చుట్టి పెట్టిన గుడ్డపందిరి. మీట నొక్కితే చుట్ట విప్పుకొని ముందుకు వస్తుంది. వాళ్ళు దాన్ని ఆనింగ్ అంటారు. మేము వసారా అన్నాము. వసారా ఉన్నది ఇల్లే గదా!

2022 నవంబరులో ఆ బండిలో చేసిన మొదటి ప్రయాణంలోనే మా యిద్దరిలో ఒకరు చీకట్లో మెట్టు కానక పడ్డారు. ఎవరో చెప్పము, చెబితే ఇంట్లో తగవు. మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టు కట్టించుకోవలసి వచ్చింది. నొప్పి పోయింది గాని భయం పోలేదు. పొద్దు వాలితే చాలు, ఇద్దరమూ బండిలో చేరి తలుపు వేసుకొనేవారము. అబ్బాయి, కోడలు, మనవడు వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకొంటూ ఉంటే కిటికీలో నుంచి చూస్తూ ఉండేవారము. పెద్దవాళ్ళను లోపల కూర్చోబెట్టి తాము బయట నవ్వుకోవడం అబ్బాయికి కష్టంగా తోచింది కాబోలు, తరువాతి ప్రయాణానికి వసారా అంచు పొడుగునా ఎల్.ఇ.డి. దీపాల పట్టీ అంటించాడు.

ఆ పట్టీ ఐదు మీటర్ల పొడుగు. మీటరుకు 4.8 వాట్ల లెక్కన మొత్తం 24 వాట్లు. బండిలోని 12 వోల్టుల బ్యాటరీ నుంచి 2 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు గంటలు వెలిగినా 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఖర్చయ్యేది 8 మాత్రమే. "నాన్నా, ఇక పట్టపగలే అనుకోండి," అన్నాడు అబ్బాయి. నిజంగా పట్టపగలే అయింది. మేము ధైర్యంగా మెట్టు దిగాము.

2023 ఫిబ్రవరి అమావాస్య రోజులలో డెత్ వ్యాలీకి తీసుకొని వెళ్ళాడు. పేరు వినగానే వద్దన్నాము. మృత్యువు లోయలో మనకేమి పని? కాని చూడదగిన చోటు. ఫర్నెస్ క్రీక్ దగ్గర నేల సముద్రమట్టం కంటె దిగువన ఉంటుంది. రాత్రి ఆకాశం నల్లగా ఉంటుందని 2013లో ఆ వనానికి అంతర్జాతీయ చీకటి ఆకాశపు గుర్తింపు ఇచ్చారు. చీకటికి కూడ గౌరవం ఉంటుందని మాకు అంతవరకు తెలియదు.

మొదటి రాత్రి మా దీపాలు వెలిగించుకొని భోజనానికి కూర్చున్నామో లేదో, పక్క స్థలంలోని ఒక ముసలమ్మ మెల్లగా వచ్చింది. ఆమె దూరదర్శిని పెట్టుకొని నక్షత్రాలు చూస్తున్నది. కసరలేదు. చీకటికి కన్ను అలవాటు పడడానికి అరగంట పడుతుందనీ, వెలుతురు తగిలిన ప్రతిసారీ మళ్ళీ మొదటికి వస్తుందనీ చెప్పి, కాస్త తగ్గించగలరా అని అడిగింది. తగ్గించే ఉపాయం లేదు. వెలిగితే అంతా వెలుగుతుంది, ఆర్పితే అంతా ఆరుతుంది. ఆర్పివేశాము. ఆమె దండం పెట్టినంత పని చేసి వెళ్ళింది. మేము మళ్ళీ లోపలికి చేరాము. మా మెట్టు కనబడాలంటే ఆమె ఆకాశం పోవాలి. ఆమె ఆకాశం ఉండాలంటే మాకు వసారా లేదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

తెల్లవారి కాఫీ దగ్గర మా యిద్దరిలో పడని వారికి బళ్ళారి జిల్లాలోని మా పల్లె జ్ఞాపకం వచ్చింది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన కాలానికి మా యింట్లో కరెంటు లేదు. లాంతరు ఒకటి ఉండేది. భోజనాల వేళ అవ్వ వత్తి పైకి తిప్పేది. పడుకొనేముందు చిన్నచక్రం తిప్పి వత్తి దించి గడప దగ్గర నేలమీద పెట్టేది. గడప కనబడేది, ఆకాశమూ కనబడేది. "మీ దీపానికి చక్రం పెట్టలేదేమిరా?" అని అడిగాము. అబ్బాయి ఒక నిమిషం మాట్లాడలేదు.

ఇంటికి వెళ్ళి పని మొదలుపెట్టాడు. మేము పక్కన కూర్చుని కత్తెర అందించాము. ఆ పట్టీని ఎక్కడపడితే అక్కడ కత్తిరించరాదు. మూడేసి దీపాలకు ఒక గుర్తు ఉంటుంది, అక్కడే కోయాలి. తెల్ల ఎల్.ఇ.డి.కి గుండెకాయ నీలి వెలుతురే. పైన పసుపుపూత పూసి తెల్లగా చేస్తారు. ఆ నీలికాంతిని కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానం వచ్చింది. కాని పురుగులను పిలిచేదీ, ఆకాశంలో ఎక్కువగా చెదిరేదీ ఆ నీలమే. కనుక ఈసారి లాంతరు రంగు పట్టీ తెచ్చాడు. అంచున అంటిస్తే వెలుతురు పక్కవారి కళ్ళలోకి పోతుంది. అందుచేత బండి గోడకే, పాలగాజు వంటి మూత ఉన్న అల్యూమినియం కాలువలో అమర్చి, ముఖం నేలవైపు వంచాడు. ఆ కాలువ మడతబందు మీద తిరుగుతుంది గనుక కావలసినంత వంచుకోవచ్చు. మెట్టు కింద ఒక చిన్నముక్క విడిగా పెట్టాడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, తలుపు పక్కన తిప్పుడుమీట. ఆ మీట దీపాన్ని సెకనుకు కొన్ని వందలసార్లు వెలిగించి ఆర్పుతుందట. ఆరివున్న కాలం పెరిగితే మన కంటికి వెలుతురు తగ్గినట్లు తోస్తుంది.

మార్చి అమావాస్యకు అక్కడికే మళ్ళీ వెళ్ళాము. భోజనమైన తరువాత మనవడు మీట తిప్పాడు. వసారా మసకబారింది, మెట్టు మాత్రం కనబడుతున్నది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి కుర్చీలలో కూర్చున్నాము. అరగంటకు ఆకాశం నిండింది. పడమట కృత్తికలు. మా అవ్వ వాటిని పిల్లలకోడి అనేది. మనవడికి చూపించాము. వాడు లెక్కపెడుతూ ఆరు దగ్గర ఆగిపోయాడు.

ఆ ముసలమ్మ ఈసారి రాలేదు. వచ్చివుంటే పిలిచి మా మీట చూపించి ఉండేవారము.