మా నాయన గాలం కర్ర

పోయిన వానాకాలం స్నానాలగది మీది అటక దులుపుతుంటే మా నాయన గాలం కర్ర చేతికొచ్చింది. దాంతోపాటు గుప్పెడు పసుపుపచ్చ పొడి నా తలమీద రాలింది. వెదురుకి పురుగు పట్టింది. తొమ్మిదడుగుల కర్ర అది. కొస నుంచి మూడడుగుల దగ్గర నాయన వేసిన పాత కట్టు వదులైపోయి, అక్కడ వెదురు నిలువునా చీలి వుంది.

"పారేద్దామా?" అని అడిగింది నా భార్య. ఆమెకి ఆ కర్ర కథ తెలుసు కాబట్టి అడిగింది. తెలియకపోతే అడక్కుండానే పారేసేది.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో, భట్టిప్రోలుకి దగ్గర్లో ఒక పల్లె. నాయన వ్యవసాయ కూలి. నాట్లు అయిపోయిన దగ్గర్నుంచి కోతలదాకా మా పేటలో పనులుండేవి కావు, ఇంట్లో గింజలుండేవి కావు. ఆ నెలల్లో మమ్మల్ని బతికించింది మురుగుకాలవ. ఎరకి వానపాము, తేలడానికి జీలుగు బెండు, మునగడానికి ఒక సీసం ముక్క. ఇంత సరంజామాతో నాయన చీకటితోనే వెళ్ళేవాడు. జెల్లలు, మట్టగిడసలు, చేదుపరిగెలు పడేవి. ఎప్పుడైనా ఒక కొరమీను పడితే ఆ రోజు మాకు పండగే. సరదా కోసం నాయన గాలం వేయడం నేనెన్నడూ చూడలేదు. కూలి దొరికిన రోజున ఆ కర్ర వాసాల్లోంచి దిగేది కాదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం నాయన ఊరి చెరువు తూముకి దిగువన, కాలవలో గాలం వేసుకుని కూర్చున్నాడు. పక్కనే నేను. చెరువు చేపలు ఏటా పాటకి పోయేవి. పాటదారుడి కాపలా మనిషి వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నాయన చేతిలోంచి కర్ర లాక్కుని మోకాలికి ఆనించి విరిచాడు. వెదురు అంత తేలిగ్గా తెగదు. పీచులు పీచులుగా వేలాడింది. ఆ చెరువులో మా వాళ్ళు కడవ ముంచకూడదు. అందులోంచి బయటికొచ్చిన నీళ్ళలో గాలం వేసినా తప్పే అయింది.

మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళను బాబాసాహెబ్ తన వెంట వచ్చిన వేలాది జనంతో కలిసి తాగింది 1927 మార్చి 20న. ఆ సంగతి నేను కాలేజీలో చదివాను. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది కూడా చెరువు దగ్గరేనని పేపర్లో చదివాను. రెండుసార్లూ నా కళ్ళముందు కదిలింది ఆ వేలాడే వెదురే.

ఆ రాత్రి నాయన పాత గొడుగులోంచి రెండు ఊచలు పీకాడు. ఎముక విరిగితే బద్దలు కట్టినట్టు కర్రకి రెండువైపులా ఆనించాడు. వల దారంతో బిగించి చుట్టి, పైన తారు పూశాడు. మర్నాడు మళ్ళీ అదే చోటికి బయల్దేరాడు. అమ్మ భయపడి అడ్డం నిలబడితే, "నీళ్ళు కిందికే వస్తాయి గదే" అన్నాడు. అంతకుమించి ఆ విషయం గురించి మాట్లాడగా నేను వినలేదు.

ముప్పై ఏళ్ళు ఆ కర్ర మా గుడిసెలో పొయ్యికి పైన, వాసాల్లో వుంది. పొగకి నల్లబడింది గానీ పురుగు చేరలేదు. నాయన పోయాక నేను దాన్ని భద్రంగా స్లాబు ఇంటికి తెచ్చుకున్నాను. ఇక్కడ గ్యాస్ పొయ్యి, పొగ లేదు. అటక మీద ఎప్పుడూ చెమ్మే. వెదురులో వుండే పిండిపదార్థం కోసం పురుగు వచ్చేసింది. భద్రమనుకుని దాచిన చోటే అది పాడైంది.

ఆదివారం వందన అయ్యాక ఈ సంగతి చెబితే, మాలో ఒక కుర్ర ఉపాసకుడు సూటిగానే అడిగాడు. "సార్, పంచశీల తీసుకున్నవాళ్ళం. ప్రాణం తీసే పనిముట్టుని బాగుచేసి ఇంట్లో పెట్టుకోవడమేంటి?"

అడగవలసిన ప్రశ్నే. నేను పెద్దల మాట ఆసరా చేసుకున్నాను. పూర్వం బౌద్ధులు పూజనీయమైనవాటిని మూడు విధాలుగా చెప్పారు. శరీర ధాతువులు ఒకటి. మా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ బయటికి తీసిన భరిణెలు అలాంటి ధాతువుల కోసం చేసినవే. తలపుకి తెచ్చే ప్రతిమల్లాంటివి ఇంకొకటి. భిక్షాపాత్ర, చీవరం, బోధివృక్షం లాంటి, వాడిన వస్తువులు మరొకటి. వాటిని పారిభోగికాలంటారు. "మా నాయన వాడిన వస్తువు నాకు అలాంటిది" అన్నాను. ఆ అబ్బాయి మర్యాదకి తలూపాడు. పాత్రకీ గాలానికీ వున్న తేడా అతనికి తెలుసు, నాకూ తెలుసు.

మర్నాటి నుంచి పనిలో పడ్డాను. ముందు గాలం, దారం విప్పి పక్కన పెట్టాను. ఎండలో పెడితే వెదురు ఇంకా చీలుతుంది కాబట్టి నీడనే వారం రోజులు ఆరబెట్టాను. పాత కట్టుని బ్లేడుతో విప్పుతుంటే తారు పెళుసుగా రాలింది. లోపల గొడుగు ఊచలు తుప్పుపట్టి వున్నాయి. వాటికింద నాయన బిగించిన దారం ముద్రలు వెదురు మీద వరసగా, తేరుగా కనిపించాయి. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత పురుగు సంగతి. కర్రకి ఆవగింజంత కన్నాలు నలభై దాకా వున్నాయి. మందుల షాపులో సిరంజి కొని, ఒక్కో కన్నంలోకి కిరసనాయిలు ఎక్కించాలి. నాలుగో కన్నం దగ్గర చెయ్యి ఆగిపోయింది. రోజూ పొద్దున్నే మొదటి శీలం పలికే నోరు నాది. ఈ కన్నాల్లో వున్నవీ ప్రాణులే.

బాబాసాహెబ్ పోయాక 1957లో వెలువడిన 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో ఆయన అహింస గురించి ఒక తేడా చూపిస్తారు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరు అని. ఆ తేడాతో నేను నాయన్ని ఎప్పుడో సమర్థించుకున్నాను. పిల్లల ఆకలి ఆయన అవసరం. మరి నాది? ఈ కర్ర లేకపోతే నా ఇంట్లో ఎవరూ పస్తుండరు. ఒక జ్ఞాపకం కోసం నేను ప్రాణులని చంపుతున్నాను. శీలం పేరు కూడా వినని మా నాయన అవసరానికి చంపాడు. దీక్ష తీసుకున్న నేను మమకారానికి చంపుతున్నాను.

అయినా మిగతా కన్నాలూ పూర్తిచేశాను. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత పని తేలికే. ఊచల తుప్పు గీకి, చీలికలో జిగురు పోసి, అవే ఊచలు అవే చోట ఆనించాను. కొత్త దారం ఒకదాన్నొకటి ఆనుకునేలా చుట్టాను. చివరి పది చుట్లకింద ముందుగానే ఒక దారపు ఉచ్చు వుంచి, కొసని అందులో దూర్చి లాగితే ముడి కనపడకుండా లోపలికి పోతుంది. పైన రోజు విడిచి రోజు మూడుసార్లు వార్నిష్. చీలిక పైకి కనపడకుండా మైనం నింపుదామా అనిపించింది. వద్దనుకున్నాను. విరిగిన చోటు తెలియాలి. విరిచారని తెలియాలి.

పై ఆదివారం ఆ అబ్బాయికి కిరసనాయిలు సంగతి చెప్పాను. "మీ ప్రశ్న సరైందే. నేనే సగం దాన్ని తప్పించుకున్నాను" అన్నాను. అతను కాసేపు ఊరుకుని, "కర్ర చూడటానికి రావచ్చా సార్?" అన్నాడు. వచ్చాడు. కట్టు మీద వేలితో తడిమి చూశాడు. వాళ్ళ తాత చెప్పుల ఆరె కూడా ఇంట్లో వుందని, పిడి ఊడిందని చెప్పాడు.

కర్ర ఇప్పుడు ముందుగది గోడకి వుంది. గాలం దానికి తగిలించలేదు. మనవడు చూసి, "తాతా, దీంతో చేపలు పడతామా?" అని అడిగాడు. "మనకా అవసరం లేదురా" అన్నాను. "మరెవరికుంది?" అన్నాడు వాడు. పక్కన కూర్చోబెట్టుకుని, చెరువు తూము దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను.

ఆరు నెలలకోసారి దించి, పొడి రాలుతోందేమో చూడాలి.