తక్కువ తిరిగిన బండి

మా ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్ళకు ఒక ధైర్యం ఉంటుంది. గీటురాయి మీద గీసి చూసి చెప్పేవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. పాత లారీ కొనేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. అమ్మేవాడు దేవుడి మీద ఒట్టేస్తాడు, దళారి తన పిల్లల మీద ఒట్టేస్తాడు, మనం మీటరు మీద అంకె చూసి తలూపుతాం. 2024 సంక్రాంతి వెళ్ళాక మా ఇంట్లో రెండు నెలలు నడిచింది ఈ కథే. చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నా పుట్టిల్లు పులివెందుల పక్కన పల్లె. తమ్ముడు అరటి, చీనీ పెడతాడు. వాడి తోటలోవీ, చుట్టుపక్కల రైతులవీ కాయలు తెచ్చి మా ఆయన ఇక్కడ అంగళ్ళకు వేస్తాడు. సొంత బండి లేదు. ట్రిప్పుకు నాలుగు వేల చొప్పున బాడుగ, నెలకు పది పన్నెండు ట్రిప్పులు. ఆ లెక్క రాసేది నేనే కాబట్టి, సొంత బండి ఉంటే బాగుండునని మొదట అన్నది కూడా నేనే.

ఒకరోజు మా ఆయన అన్నానికి కూర్చుని, "జమ్మలమడుగు కాడ ఒక ఫోర్ నాట్ సెవెన్ ఉంది. 2017 బండి. నలభై ఒక్క వేలే తిరిగింది," అన్నాడు. అన్నం కలుపుకోవడం కూడా మర్చిపోయాడు. నాకు ఆ అంకె చూసి సంతోషం కలగలేదు. కారైతే వేరే మాట. పెద్దాయన ఎవరో ఆదివారం గుడికి పోవడానికి మాత్రమే తీసి ఉంటాడనుకోవచ్చు. లారీ చక్రం తిరిగితేనే కూడు పెడుతుంది. ఏడేళ్ళ కిందటి లారీ తిరగలేదంటే, పాలివ్వని ఆవును చూపించి మేత తక్కువ తింటుందని పొగిడినట్టే. ఎందుకు తిరగలేదు? లేక తిరిగిందే గానీ మీటరు వెనక్కి తిప్పారా?

బండికి పెట్టాల్సిన డబ్బులో సగం నా గాజులు బ్యాంకులో పెడితే వచ్చేది. మిగతా సగం మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజుకని దాచింది. అందుకే ఒకటే మాట చెప్పాను. "కాగితాలు నేను చదివినాకనే గాజులు బయటికొస్తాయి."

కాగితాలంటే కంపెనీ సర్వీసు పుస్తకం ఒకటి ఉంది. అందులో మొదటి సర్వీసుల ముద్రలు మూడు, 2018లో మరొకటి. ఆ తర్వాత తెల్ల కాగితాలే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే ఇన్సూరెన్సు లేదు, ఎఫ్‌సీ గడువు తీరింది. ఏపీ 04 నంబరు, అంటే 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 పెట్టకముందు మా కడప జిల్లాలోనే రిజిస్టరైన బండి. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిందన్నమాట, ఆ ఒక్కటీ మంచి మాట.

బండి చూడడానికి నేనూ పోయాను. అమ్మేది ఆడమనిషని తెలిసి మా ఆయనే రమ్మన్నాడు. జమ్మలమడుగు దాటాక ఒక పల్లె, ఇంటి పక్కన వేపచెట్టు కింద బండి. ఆమెకు నా కంటే నాలుగైదేళ్ళు ఎక్కువుంటాయి. భర్త బండలు తోలేవాడట. మీకు తెలుసుగా, అటు పక్క నేలలో ఎక్కడ తవ్వినా నాపరాయే. ఇళ్ళకు పరిచే బండలు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు, కడపకు, పల్లెలకు పోతుంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బండి ఆగింది. ఆగస్టులో ఆయన గుండెపోటుతో పోయాడు. బండి మళ్ళీ కదల్లేదు. మధ్యలో 2022లో ఆమె అన్న ఒక బ్యాటరీ వేయించి, ఇన్సూరెన్సు కట్టి, పది ట్రిప్పులు తోలి వదిలేశాడు.

దళారి పక్కకు పిలిచి, "సూసినారా, నిజంగానే తిరగని బండి," అన్నాడు గొప్పగా. మా ఆయన నావైపు చూశాడు. నేను ఆమెనడిగాను, "అక్కా, ఆయన ఖర్చులు యాడన్నా రాసిపెట్టినాడా?"

ఆమె లోపలికి పోయి ఒక పొడుగు పుస్తకం తెచ్చింది. కిరాణా అంగళ్ళలో బాకీలు రాసుకునే పుస్తకం. "ఆయన సెప్పేవాడు, నేను రాసేదాన్ని," అంది.

పొద్దుగూకేదాకా ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. డీజిలు, టోలు, పంక్చరు, హమాలీ, పోలీసు మామూలు (అదీ రాసుంది!), గ్రీజు. డీజిలు కొన్నిచోట్ల లీటర్లలో ఉంది, కొన్నిచోట్ల రూపాయల్లో. రూపాయలున్నచోట ఆ నెలల్లో డీజిలు ధర ఎంతో ఫోనులో వెతికి లీటర్లు చేసుకున్నా. అంతా కూడితే 4,300 లీటర్ల దగ్గర తేలింది. బండి మోతతో లీటరుకు తొమ్మిదిన్నర ఇస్తుందనుకుంటే నలభై వేల ఎనిమిది వందల యాభై. మీటరు మీద 41,386. మీటరు ఎవరూ తిప్పలేదు. పాల లెక్క, చీటీల లెక్క చూసే చేతికి ఇదేం కష్టమైన పని కాదు గానీ, మా ఆయన మాత్రం ఆ రాత్రి ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేసి చెప్పాడు.

అదే పుస్తకం వేరే సంగతి కూడా చెప్పింది. ఇంజన్ ఆయిల్ మార్చినట్టు చివరిగా ఉన్నది 2019 నవంబరు. చివరి డీజిలు 2020 మార్చి 20. అక్కడితో సరి. సర్వీసు పుస్తకంలో 2018 తర్వాత కనిపించిన ఖాళీలో సగం నిజమైన ఖాళీ కాదు. ఆయన బయట మేస్త్రీ దగ్గర చేయించాడు, ఆ లెక్కంతా ఈ పుస్తకంలో ఉంది. మిగతా సగం మాత్రం నిఖార్సైన ఖాళీ, ఎండకూ వానకూ నిలబడిన కాలం.

పులివెందుల నుంచి తమ్ముడు తన మేస్త్రీని తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. ముందురోజే ఫోన్ చేసి, "నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని సెప్పమ్మా," అన్నాడు. వచ్చీ రాగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. వేడి ఇంజను ఎవరి మాటైనా వింటుంది, చల్ల ఇంజను పట్టుకున్నప్పుడే దాని రోగం బయటపడుతుందట. తీసుకొచ్చిన బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూత తీసి, పొగ ఎంత తంతుందో చూశాడు. పర్వాలేదన్నాడు. సీటు పైకెత్తి వేలితో కింద రాసి చూసుకున్నాడు. అదెందుకని అడిగితే, 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి నుంచి పాత బండి ఏది చూసినా ఆయన ముందు బురద కోసం వెతుకుతాడట. నీళ్ళలో మునిగిన బండిని ఎంత కడిగినా సీటు బోల్టుల సందులో ఒండ్రు పోదన్నాడు. దీంట్లో దుమ్మూ వేపపూతా తప్ప ఏం లేవు.

తర్వాత టైర్లు. నాకు తెలియని ముచ్చట ఇక్కడ తెలిసింది. టైరు పక్కన చిన్న అచ్చులో ఉండే నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. నాలుగింటి మీద 1917 అనుంది. అంటే 2017లో పంతొమ్మిదో వారం. బండితోపాటు వచ్చిన టైర్లే! గాళ్ళు చూస్తే ఇంకా బాగానే ఉన్నాయి. మా ఆయన ముఖం వెలిగింది. మేస్త్రీ స్క్రూడ్రైవరుతో పక్కన గీసి చూపించాడు, సన్నటి పగుళ్ళు, ఎండిన చెరువు మాదిరి. "గాడి సూసి మురిసిపోకు నాయనా. రబ్బరు సచ్చిపోయింది. ముద్దనూరు రోడ్డులో కాయలేసుకుని ఎండన పోతాంటే ఒకటి పేలిందనుకో..." మిగతాది చెప్పలేదు.

ఆయన రెండు గంటలు చెప్పినదంతా ఇక్కడ రాయలేను. నాకు అర్థమైంది ఇది. తిరిగిన బండిలో ఇనుము అరుగుతుంది, నిలబడిన బండిలో రబ్బరూ నూనే చెడతాయి. బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోయాయి. రేడియేటర్ పైపులు నొక్కితే పుట్టుపుట్టుమన్నాయి. ట్యాంకులో మిగిలిన డీజిలు తారులాగా వచ్చింది. కిలోమీటర్లు నిండకపోయినా ఇంజన్ ఆయిల్ ఏడాదికోసారి మార్చాలట, దీంట్లో అది నాలుగేళ్ళు అలాగే ఉండిపోయింది. ఇంకో మాట కూడా అన్నాడు. వెనక కమాన్ కట్టలో కంపెనీ పెట్టినవి కాక రెండు పట్టీలు ఎక్కువున్నాయి. బండల మోత కోసం వేయించుకున్నవి. "కిలోమీటర్లు తక్కువే. మోత తక్కువ కాదు." ఛాసీ కింద పడుకుని టార్చితో అంగుళం అంగుళం చూసి, వెల్డింగ్ ఎక్కడా లేదని లేచి చొక్కా దులుపుకున్నాడు. నాకు అప్పుడే కొంచెం ఊపిరాడింది.

టైర్లు ఆరూ 66,000. బ్యాటరీ 8,500. బ్రేకులు 9,000. ఆయిళ్ళు, ఫిల్టర్లు, ట్యాంకు కడగడం 11,000. పైపులు, బెల్టులు 4,500. లక్షకు వెయ్యి తక్కువ. దళారి చెప్పిన ధర 5,60,000.

ఇక్కడే మాకు గొడవైంది. మా ఆయన, "నాలుగుకు దించుదాం. ఆమెకు అవసరముంది, ఒప్పుకుంటుంది," అన్నాడు. వ్యాపారం చేసే మనిషికి ఆ మాట సహజం. నేను కాదన్నాను. బండిలో లోపం ఉన్నంత మేరకు తగ్గించమందాం. ఆమె ఇంట్లో మగదిక్కు లేనందుకు తగ్గించమనకూడదు. రెండురోజులు ఇంట్లో మాటలు తగ్గాయి, కూరల్లో కారం పెరిగింది. చివరికి 4,61,000కు ఒప్పుకున్నాడు. నేను జాలిపడి ఎక్కువిప్పించానని మా ఆడబిడ్డ ఇప్పటికీ అంటుంది. పుస్తకం చూపించకుండా దాచుకుని ఉంటే ఆమెకు పోయేదేమీ లేదు కదా, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ నిజాయితీకి విలువ కట్టకుండా ఎలా?

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆర్‌సీ ఇంకా చనిపోయినాయన పేరు మీదే ఉంది. దళారి, "ఏం కాదు మ్మా, ఫారాల మీద సంతకం పెట్టించుకుని తోలుకోండి, ట్రాన్స్‌ఫర్ నిదానంగా చూసుకోవచ్చు," అన్నాడు. చనిపోయినాయన సంతకం ఎవరు పెడతారని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. బండి ఎవరి చేతిలో ఉన్నా, ఆర్‌సీలో ఎవరి పేరుంటే యజమాని వాళ్ళేనని, ప్రమాదం జరిగితే బాధ్యత కూడా వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మన ట్రిప్పులో ఏదైనా జరిగితే ఆ ముసుగు ఆమె ఇంటి మీద పడుతుంది, మనకు ఇన్సూరెన్సు రాదు.

దారి ఏమిటంటే, ముందు ఫారం 31తో బండి ఆమె పేరు మీదికి మారాలి. దానికి మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. ఫైనాన్సు బాకీ తీరినట్టు వాళ్ళిచ్చే కాగితం, ఫారం 35. తర్వాతే మాకు 29, 30. కుటుంబ సభ్యుల్లో ఆమె, కొడుకుతోపాటు అత్తగారు కూడా ఉన్నారు. చనిపోయిన కొడుకు ఆస్తిలో తల్లికీ భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఉంటుంది. ఆ ముసలామె వేలిముద్ర లేనిదే పని జరగదు. ఆమె వెయ్యనంది.

డబ్బుకోసం కాదు. "నా కొడుకు బండి యాడికీ పోదు" అనేది ఒకటే మాట. మేం పోయినప్పుడు బండి పక్కనే మంచం వేసుకుని పడుకునుంది. కోడలు ఏడ్చింది, మనవడు విసుక్కున్నాడు, దళారి కేకలేశాడు. నేనేం గొప్పగా చెప్పలేదు. పక్కన కూర్చుని, బండిలో అరటికాయలు తోలుతామని, బండలు కాదని చెప్పా. చాలాసేపు పలకలేదు. "మోత తక్కవే కదా?" అంది చివరికి. "తక్కువే అవ్వా, ఎక్కువ పట్టీలు తీయించేస్తాం," అన్నాను. ఇంకో వారానికి వేలిముద్ర వేసింది. నా మాటకో, ఇంట్లో అవసరానికో నాకు తెలీదు.

అంతా అయ్యేసరికి ఏడు వారాలు పట్టింది. అడ్వాన్సు పదివేలిచ్చి, రాసుకుని, మిగతాది ఆమె పేరు మీద ఆర్‌సీ వచ్చాకనే అన్నాం. బండి నిలబడినన్నాళ్ళూ ఆర్‌టీవో ఆఫీసుకు ముందుగా చెప్పలేదు కాబట్టి మూణ్ణెల్ల పన్ను పడుతూనే ఉంది, దాని మీద జరిమానా. అది మా చేత్తో కట్టి, ఆ మేరకు తగ్గించి, మిగిలింది ఆమె బ్యాంకు ఖాతాలో వేశాం. చేతికి నగదు ఇవ్వలేదు, దళారికి అసలే ఇవ్వలేదు.

బండి వచ్చాక మూడో నెలలో గేర్‌బాక్సు సీలు కారింది. మేస్త్రీ అంచనాలో అది లేదు. 7,200. ఎఫ్‌సీ దొరికింది, ఎనిమిదేళ్ళు దాటాక ఇక ఏటా చేయించాలి. ఎక్కువ పట్టీలు తీయించాం. వారానికి మూడుసార్లు పులివెందుల పోయి వస్తోంది. నా గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, ఉగాదికి విడిపిస్తామని మా ఆయన అంటున్నాడు. ఏ ఉగాదికో అడగలేదు.

అన్నట్టు, ఆ పొడుగు పుస్తకం బండితోపాటు తీసుకోమని ఆమె ఇచ్చింది. మాకు లెక్కలు కావాలి గానీ పుస్తకం ఎందుకు? జమ్మలమడుగు బస్టాండు దగ్గర 92 పేజీలూ జిరాక్సు తీయించి, అసలుది ఆమెకే ఇచ్చి వచ్చాం. పేజీకి రెండు రూపాయలు, 184. మా బండి పద్దులో మొదటి ఖర్చు అదే.