ప్రశ్నార్థకం వేసిన పక్కటెముకలు

"ఈ ఎముకలగూడు ఏమిటండీ?" అని మా గరాజు తలుపు తెరిచి ఉండగా చూసిన మిత్రులు అడిగేవారు. విమానమని చెబితే నవ్వేవారు. చెక్కతో చేస్తున్నానంటే జాలిపడేవారు. పూర్తయ్యాక నేనే నడుపుతానంటే మాత్రం మారుమాట్లాడకుండా మా ఆవిడ ముఖంలోకి చూసేవారు. ఆమె "కాఫీ తాగుతారా?" అని మాట మార్చేది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు దక్షిణ కొసన, ఏడాదిలో ఐదు నెలలు మంచు కురిసే చోట, మా ఇంటి కారు తొమ్మిదేళ్ళు ఆరుబయటే నిలబడింది. విమానం ఎగిరిన సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. ఆ తొమ్మిదేళ్ళలో ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటి మిగిలిపోయింది. అది ఈ టపాలో చెప్పుకుంటాను.

ముందుగా విమానం గురించి నాలుగు మాటలు. దీని పేరు పీటెన్‌పోల్ ఎయిర్ కాంపర్. మినెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ ఉండేవాడు. కాలేజీ గడప తొక్కినవాడు కాదు. విమానపు ఇంజను కొనే స్తోమత మామూలు మనిషికి ఉండదు కనుక, ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజనుతో ఎగిరే రెండు సీట్ల విమానాన్ని 1929లో తయారుచేశాడు. ఆ ఇంజను శక్తి 40 గుర్రాలు. కారు ఇంజనుతో విమానం నడవడం కల్ల అన్నట్టుగా ఒక పత్రిక సంపాదకుడు రాస్తే, వాదనకు దిగకుండా మినియాపొలిస్ దాకా ఎగిరి వెళ్ళి చూపించాడు. ఆ సంపాదకుడే తరువాత దాని నమూనా చిత్రాలను అచ్చువేశాడు. అవి 1932లో ఒక వార్షిక సంచికలోనూ వచ్చాయి. దేశమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న ఆ రోజుల్లో రైతులు, కుర్రవాళ్ళు ధాన్యపు కొట్లలో కూర్చుని ఆ బొమ్మలు చూసి విమానాలు కట్టారు. పీటెన్‌పోల్ 1984లో పోయాడు. ఆయన గీసిన విమానాన్ని మాత్రం జనం ఇంకా కడుతూనే ఉన్నారు.

2011 జూలైలో, మాకు దగ్గరలోని బ్రాడ్‌హెడ్ అనే చిన్న ఊళ్ళో, పచ్చిక రన్‌వే మీద ఇవన్నీ ఒకచోట చేరతాయని విని చూడబోయాను. రెక్క మొండేనికి అతుక్కోకుండా, నాలుగు కర్రల మీద గొడుగులా పైన నిలబడి ఉంటుంది. తల పైకి అద్దాల కప్పు లేదు. ఒకరి వెనుక ఒకరుగా రెండు గుంతల్లాంటి సీట్లు. నడిపేవాడు వెనుక, అతిథి ముందు. నాకు అప్పటికి విమానం నడిపే లైసెన్సు వచ్చి మూడేళ్ళు. అద్దె విమానాల్లో తిరిగి ఉన్నాను. కానీ ఇక్కడొక ముసలి రైతు తన విమానపు కర్రను అరచేత్తో నిమురుతూ మాట్లాడుతుంటే, చిన్నప్పుడు మా ఊళ్ళో వడ్రంగి బండిచక్రానికి ఇనుపపట్టా ఎక్కించే రోజు గుర్తుకొచ్చింది. పిడకల మంటలో ఎర్రగా కాలిన పట్టాను చక్రం మీదికి దించి నీళ్ళు పోసేవారు. సర్రుమని ఆవిరి లేచేది. పట్టా బిగిసి, ఆకులు ఒక్కసారి కిర్రుమని సర్దుకునేవి. ఆ చప్పుడు వినడానికి బడి ఎగ్గొట్టేవాళ్ళం. తిరుగుదారిలో కారులో మా ఆవిడతో ఒక మాట చెప్పాను. ఆమె చాలాసేపు కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూసి, "గరాజులో నా కుట్టుమిషనుకు చోటు వదిలిపెట్టండి" అంది.

మొదటి చలికాలం, 2012లో, రెక్క పక్కటెముకలతో మొదలుపెట్టాను. స్ప్రూస్ కర్రను సన్నని బద్దలుగా కోసి, బల్ల మీద బిగించిన అచ్చులో వంచి అమర్చి, ప్రతి కూడలి దగ్గరా పలుచని బర్చ్ ప్లైవుడ్ ముక్కను జిగురుతో అతికించాలి. జిగురు ఆరేదాకా అచ్చు ఖాళీ కాదు కనుక రోజుకు ఒకటే. అలాంటివి ముప్ఫై దాకా కావాలి. ప్రతి రాత్రీ కలిపిన జిగురులో కాస్త మిగిల్చి, రెండు చెత్తముక్కలను అతికించి, తారీఖు వేసి పక్కన పెట్టడం ఒక నియమం. మర్నాడు ఆ ముక్కను సుత్తితో పగలగొట్టి చూడాలి. కర్ర చీలాలి, జిగురు ఊడకూడదు. కర్ర చీలిందంటే అతుకు కర్ర కన్నా గట్టిదని అర్థం.

ఆ ఫిబ్రవరిలో ఒక వారం నాకు చాదస్తం పట్టింది. పాత పుస్తకం ఒకదానిలో అతుకును ఎంత బిగిస్తే అంత మంచిదని చదివి, మెత్తని స్ప్రింగు క్లిప్పులు మానేసి, మర క్లాంపులు తెచ్చి మరలు తిరగనంతగా బిగించాను. ఆరు రాత్రులు, ఆరు పక్కటెముకలు. తీరిక లేక ఆ వారపు నమూనా ముక్కలను పోగుపెట్టి ఆదివారం నాడు ఒకేసారి పరీక్షించాను. మొదటిది కర్ర చీలింది. రెండోది సుత్తి తగలగానే రెండుగా విడిపోయింది. కర్ర ఎక్కడా చెదరలేదు. అతుకు మొహం అద్దంలా నున్నగా మెరుస్తోంది.

కారణం తెలుసుకోవడం కష్టం కాలేదు. పీటెన్‌పోల్ కాలంలో వాడినది పాల నుంచి తీసిన కేసీన్ జిగురు. దానికి గట్టి బిగింపు కావాలి. నేను వాడుతున్నది రెండు పాళ్ళు కలిపే ఎపాక్సీ. దానికి రెండు కర్రల మధ్యా పలుచని పొరగా నిలిచే చోటు కావాలి. అతిగా బిగిస్తే జిగురంతా పక్కలకు కారిపోయి, అతుకు లోపల ఎండిపోతుంది. పాత పుస్తకం తప్పు చెప్పలేదు, కొత్త జిగురూ మోసం చేయలేదు. ఒకదాని నియమాన్ని మరొకదాని మీద రుద్దినవాణ్ణి నేను.

అప్పుడు చేయవలసిన పని ఒక్కటే: ఆ ఆరింటినీ విరిచి పొయ్యిలో పెట్టడం. నేను చేసిన పని మరొకటి. ఆరింటి మీదా ఒక మూల, పెన్సిలుతో, చిన్న ప్రశ్నార్థకం వేశాను. తరువాత చూద్దాం అనుకున్నాను. నా వృత్తి సాఫ్ట్‌వేర్. తెలిసీ వదిలేసిన తప్పులకు మేము ఒక జాబితా రాసుకుంటాం. జాబితాలో ఎక్కించడమే ప్రాయశ్చిత్తమన్నట్టు నిద్రపోతాం. ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది. ప్రశ్నార్థకం వేశాక ఆ రాత్రి నాకు బాగానే నిద్రపట్టింది.

ఏళ్ళు గడిచాయి. మొండెం తయారైంది, తోక తయారైంది, 65 గుర్రాల పాత కాంటినెంటల్ ఇంజను ఒకటి దొరికింది. నడిపేవాడు వెనుక సీట్లో ఉంటాడు కనుక, 1929 నాటి మనిషి కంటే నాలాంటి బరువైనవాడు కూర్చుంటే తోక బరువెక్కుతుంది. అందుకని రెక్కను మోసే కర్రలను వెనక్కి వాల్చి, రెక్కనే నాలుగంగుళాలు వెనక్కి జరిపాను. పక్కటెముకలను దూలాలకు ఎక్కించి అతికించాను. ఆ ఆరూ మిగిలిన వాటి మధ్య కలిసిపోయాయి. వాటి సంగతి నేను మరచిపోలేదు. కానీ ప్రతి పక్కటెముక పక్కనా మరొకటి ఉందనీ, ముప్ఫైలో ఆరే కదా అనీ, ఆ ఆరింటిలోనూ అన్ని అతుకులూ చెడ్డవి కావనీ నాకు నేనే చెప్పుకోవడం నేర్చుకున్నాను.

2018 వేసవిలో రెక్కకు బట్ట వేసే సమయం వచ్చింది. బట్ట వేశాక లోపలి కర్ర మళ్ళీ కనబడదు. అందుకని మూసే ముందు ఇంటివాళ్ళూ మిత్రులూ లోపల సంతకాలు చేయడం ఇక్కడ కొందరికి సరదా. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. పెన్సిలు పట్టుకుని ఒక్కొక్క పక్కటెముక మీదా తెలుగులో తన పేరు రాస్తూ వెళ్తోంది. తెలుగు రాయడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఒక్కో అక్షరానికి నాలుక బయటపెట్టేది. ఉన్నట్టుండి ఆగింది.

"నాన్నా, ఇక్కడ ప్రశ్నార్థకం ఎందుకుంది?"

"ఏం లేదమ్మా. పాత గుర్తు."

"మరి జవాబు దొరికిందా?"

నేను మాట్లాడలేదు. ఆమె ఆ గుర్తు పక్కనే తన పేరు రాసి తరువాతి దానికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గరాజులోకి వెళ్ళి దీపం వేసి చాలాసేపు నిలబడ్డాను. ఆ రెక్క కింద, ముందు సీట్లో ఎవరు కూర్చుంటారు? నేను కాదు, నాది వెనుక సీటు. ఇక్కడి చట్టం ప్రకారం, ఇలాంటి విమానంలో సగానికి మించిన పనిని ఔత్సాహికులే తమ విద్య కోసమో వినోదం కోసమో చేసి ఉండాలి. ముందు కూర్చునేవారికి కనబడేలా ఒక హెచ్చరిక కూడా అతికించాలి: ఇది ఔత్సాహికులు కట్టిన విమానం, మామూలు విమానాలకుండే భద్రతా నియమాలకు ఇది లోబడినది కాదు అని. అంటే ప్రభుత్వం తన చేతులు కడుక్కుంది. తనిఖీకి వచ్చే అధికారి బట్ట కప్పిన రెక్కను చూస్తాడు గాని, ప్లైవుడ్ ముక్క కింద జిగురు ఉందో లేదో చూడలేడు. అది తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే, ఆ ఒక్కడూ ఆరేళ్ళుగా ప్రశ్నార్థకంతో సరిపెట్టుకుంటున్నాడు.

రంపం తీశాను. ఆరింటినీ కోసేసరికి తెల్లవారింది. బయటికి తీసినవాటిని ఒక్కొక్కటే వైస్‌లో బిగించి మెలిపెట్టి విరిచాను. నాలుగు బాగానే ఉన్నాయి. కర్ర నారలు నారలుగా చీలింది. మిగిలిన రెండింటిలో ప్లైవుడ్ ముక్కలు అరటిదొప్ప ఊడినట్టు ఊడివచ్చాయి, కింద అదే అద్దంలాంటి మెరుపు. పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చిన మా ఆవిడ నేలమీది ముక్కలను చూసింది. జరిగింది చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. "ఆరేళ్ళా?" అని మాత్రం అంది. ఆ ఒక్క మాట బరువు ఇప్పటికీ తగ్గలేదు.

దూలాలు అప్పటికే బిగిసి ఉన్నాయి కనుక, కొత్త పక్కటెముకలను ముక్కలుగా చేసి దూలం చుట్టూ నిలబెట్టి అతకవలసి వచ్చింది. మూడు నెలలు పట్టింది. ఈసారి మెత్తని క్లిప్పులే వాడాను. ప్రతి నమూనా ముక్కనూ మర్నాడే పగలగొట్టాను. మా అమ్మాయి మళ్ళీ ఆరుసార్లు పేరు రాసింది. చేతిరాత కాస్త మెరుగుపడింది. ఆ తరువాతే పాలియెస్టర్ బట్ట వేసి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి బిగించాం. ముడతలు ఒక్కొక్కటే మాయమై బట్ట డప్పులా మోగుతుంటే మా వడ్రంగి చక్రం మళ్ళీ గుర్తుకొచ్చింది. బట్టను పక్కటెముకలకు కుట్టేటప్పుడు పొడుగు సూదిని పైనుంచి నేను దించితే కిందనుంచి మా ఆవిడ అందుకునేది. రెక్క అడుగున పడుకుని "ఊఁ, లాగండి" అనేది. ఆ కుట్లలో సగం ఆమెవి. ముడులన్నీ ఆమెవే.

2021 మే నెలలో ఒక ఉదయం, గాలి లేనప్పుడు, మిత్రుడొకడు చేత్తో ప్రొపెల్లర్ తిప్పగా ఇంజను అందుకుంది. ఈ విమానానికి స్టార్టరు లేదు. తోక నేలమీద ఉన్నంతసేపు ముందు దారి కనబడదు. పక్కల పచ్చికను చూసుకుంటూ పోవాలి. తోక లేచింది, దారి కనబడింది, మరో నిమిషానికల్లా చక్రాల చప్పుడు ఆగిపోయింది. ఇరవై నిమిషాలు ఎగిరాను. గొప్ప భావాలేమీ కలగలేదు. చెవులు రిక్కించి కర్ర చప్పుడు కోసం వింటూ కూర్చున్నాను. కర్ర ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దానికి నేను ఎన్నేళ్ళు చెల్లించానో నాకే తెలుసు.

మొదటి 25 గంటలు ముందు సీటు ఖాళీగా ఉండాలని నియమం. అవి ముగిసేసరికి సెప్టెంబరు వచ్చింది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. కర్రల మధ్య ఒంగి దూరి ముందు సీట్లో కూర్చుని, బెల్టు బిగించుకుని, ఎదురుగా ఉన్న హెచ్చరికను పైకి చదివింది. పక్కనే విమానపు వివరాల పలక ఉంది. "తయారీదారు" అన్నచోట ఫ్యాక్టరీ పేరు ఉండదు, మా ఇంటిపేరు ఉంటుంది. దాన్ని కూడా చదివి, తల వెనక్కి తిప్పి అడిగింది.

"ప్రశ్నార్థకాలు ఏమైనా మిగిలాయా, నాన్నా?"

"లేవమ్మా" అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.